దేవదుర్గ వైపు ఖాళీ నేల చూడబోయి

శక్తినగర్ నుంచి

ప్రయాణం అంటే నాకు ముందు రోజే బెంగ మొదలవుతుంది. గ్యాసు కట్టేశానా, తాళం సరిగ్గా పడిందా, బస్సు దొరుకుతుందా, దొరికినా సీటు దొరుకుతుందా, ఇవన్నీ గడప దాటకముందే వరసగా వచ్చి కూర్చుంటాయి. ఈసారి వాటన్నిటినీ మించిన దిగులు ఇంకొకటి ఉంది. మా ఆయన థర్మల్ ప్లాంటులో బాయిలర్ సెక్షన్‌లో పని చేస్తారు. వచ్చే ఏడు రిటైరవుతారు. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ పొగగొట్టాల నీడలోనే కాపురం చేశాం కాబట్టి మాకంటూ అడుగు నేల లేదు. రాయచూరులో మా మామగారి ఇల్లు పంపకాలయ్యేసరికి మనిషికో గోడ కూడా సరిగ్గా రాలేదు.

అలాంటి సమయంలో మా సరోజ వదిన కబురు తెచ్చింది. వదిన అంటే మా ఆయన అక్కగారు, రాయచూరులోనే పుట్టి పెరిగిన మనిషి. దేవదుర్గ అవతల, కృష్ణ వైపున, చిన్న ఇంటితో సహా కొంత నేల అమ్మకానికి ఉందట. యజమాని రాయచూరు సేటు. సోమవారం లోపల అవునో కాదో చెప్పాలి, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తాడట. మా ఆయనకు షిఫ్టు కుదరలేదు. నేను బడికి సెలవు పెట్టి వదినతో బయలుదేరాను. నేల చూసి, ఆ తర్వాత జవళగేరలో ఉన్న సుబ్బాయమ్మ గారిని సలహా అడిగి రావాలని అనుకున్నాం. ఆవిడ మా బడిలో లెక్కలు చెప్పే టీచరు తల్లి. కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి నేల కొని నిలదొక్కుకున్న మనిషి.

నేను కాలనీ బడిలో సోషల్ చెప్తాను. తిరిగి రాగానే ఎనిమిదో తరగతికి అమెరికా వాళ్ళు పడమటికి వెళ్ళి నేలలు పట్టుకున్న పాఠం చెప్పాలి. పాఠం చివర కొత్త మాటలు ఒక పెట్టెలో గీసి ఉంటాయి. ఫ్రాంటియర్, పయనీర్, వాగన్ ట్రెయిన్, హోమ్‌స్టెడ్, క్లెయిమ్. వాటికి పిల్లలకు తెలుగులో అర్థం చెప్పాలి. బస్సులో గుండె దడదడలాడినప్పుడల్లా నేను ఆ మాటలనే నెమరు వేసుకున్నాను. ఫ్రాంటియర్ అంటే జనం ఉన్న నేల అయిపోయి ఖాళీ నేల మొదలయ్యే గీత. ఏటా బోర్డు మీద అలాగే రాసేదాన్ని.

వదిన మోచేత్తో పొడిచింది. "ఏందే సులోచనా, పాఠం సదువుతున్నవా, మంత్రం జపిస్తున్నవా? నోరు కదుల్తనే ఉన్నది."

"ఆ నేల ఎలా ఉంటుందో అని భయంగా ఉంది వదినా."

"నేల నేల లెక్కనే ఉంటది. నువ్వు ఫికర్ జేస్తె ఎకరం పెరుగుతదా ఏంది?" అని కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆవిడకు బస్సెక్కితే జోల పాడినట్టే. నాకేమో డ్రైవరు ఆవులించినా ఒళ్ళు ఝల్లుమంటుంది.

దేవదుర్గ

దేవదుర్గ బస్టాండులో ఉగ్గాణి, మిర్చి బజ్జీ తిన్నాం. బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి, పసుపూ ఉల్లిపాయా వేసి తాలింపు పెడతారు, పైన పుట్నాల పొడి చల్లుతారు. ఖమ్మంలో మా అమ్మ బొరుగులను పిల్లల చిరుతిండిగా తప్ప చూడలేదు. ఇక్కడ అదే పొద్దుటి టిఫిను. ప్లేటు ధర మా కాలనీ క్యాంటీను టీ ధరకు కాస్త ఎక్కువ, అంతే. మిరపకాయ మాత్రం కళ్ళనీళ్ళు పెట్టించింది. ఏడ్చానని ఎవరైనా అనుకుంటారేమోనని అదో బెంగ.

మేం తింటుండగానే ఒక లారీ చుట్టూ జనం పోగయ్యారు. సత్తు గిన్నెలు, చుట్టిన కంబళ్ళు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, మంచం కోళ్ళ మధ్యన పసిపిల్లలు. ఆడవాళ్ళు ముందెక్కి మూటలు అందుకుంటున్నారు. ఎక్కడికని వదినని అడిగాను.

"గుళే పోతున్నరు. వాన పడకుంటె ఇదే కత. కొందరు బెంగుళూరు, కొందరు పూణె, కొందరు కాలవ దిక్కు నాట్లకు. యేటేటా పోవుడే, వచ్చుడే."

గుళే అంటే ఈ ప్రాంతంలో పని కోసం ఊరు విడిచి పోవడం. నా పాఠంలో వాగన్ ట్రెయిన్ బొమ్మ గుర్తుకొచ్చింది. గుడ్డ కప్పిన బళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. వాటిల్లోనూ గిన్నెలూ పిల్లలే. పిల్లలకు ఈ లారీ చూపించి చెప్తే సరిపోతుందనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

మధ్యవర్తి జీపులో వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఊరి పేరు రాయను, కారణం చదువుతుంటే మీకే తెలుస్తుంది. చిన్న గుట్ట, దాని కింద ఎండిన సజ్జ మొదళ్ళున్న ఎర్ర నేల, ఒక అంచున రాతి గోడల ఇల్లు. ముందర నాలుగు గుంజల పందిరి. తలుపుకు నీలం రంగు. తలుపుకు అడ్డంగా ముళ్ళకంప కొట్టి ఉంది. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు.

"ఖాళీ జాగ మేడం, బిల్కుల్ ఖాళీ. ఎవరో దున్నుకునేటోళ్ళు ఉండె, ఇడిచిపెట్టి పోయిన్రు. కాయితాలన్నీ సేటు పేరు మీదనే సాఫ్ ఉన్నయ్," అన్నాడతను.

ఎండ మాడ్చేస్తోంది. పందిరి కింద తిరగలి రాయి ఒకటి బోర్లించి ఉంది. మా అమ్మకు ఒక పట్టింపు ఉండేది. బోర్లించిన తిరగలి ఇంట్లో ఉంటే ఆ ఇంటికి ఆకలి తప్పదని, ఎక్కడ కనపడినా వెల్లకిలా తిప్పేది. రేపు మనం కాపురం ఉండబోయే చోటు కదా, అశుభం దేనికని నేను నడుం వంచి రాయి లేపి వెల్లకిలా వేశాను. కింద పిడికెడు జొన్నలున్నాయి. పురుగు పట్టకముందే ఏ నోటికైనా పోతే మంచిదని చేత్తో ఊడ్చి పక్కకు వేశాను. ఎటు నుంచో ఒక మేక వచ్చి నాకి పోయింది.

"పుణ్యం కట్టుకున్నవ్ పో," అంది వదిన. ఆ రాయి మీదే కూర్చుని మేమిద్దరం సీసాలో నీళ్ళు తాగాం. పందిరి నీడ, గుట్ట మీంచి గాలి, ఎక్కడా చప్పుడు లేదు. చాలా రోజుల తర్వాత నా దడ కాస్త తగ్గింది. సోమవారం అవుననే చెప్పాలని మనసులో అనేసుకున్నాను.

మస్కి

రాత్రి దేవదుర్గలో ఆగి మర్నాడు మస్కిలో దిగేసరికి సంత. ఆటోలో మనుషుల మీద మనుషులు, ఒకరి ఒళ్ళో గుమ్మడికాయ, ఇంకొకరి ఒళ్ళో నా కాలు. దిగేటప్పుడు నా చెప్పు ఆటోలోనే ఉండిపోయింది. అరిచేలోపు ఆటో మలుపు తిరిగింది. ఒంటి చెప్పుతో నడవడం కన్నా రెండు కాళ్ళూ బోసిగా ఉంటేనే మర్యాద అని రెండోది సంచీలో వేసుకున్నాను. వదిన నవ్వాపుకోలేక సంత మధ్యలో నిలబడిపోయింది.

చెప్పులు కుట్టే ఆయన ఒకరు చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నా కాలు చూసి, బేరానికి తావు లేని మనిషి వచ్చిందని గ్రహించి ధర చెప్పాడు. వదిన కన్నడంలో దిగి సగానికి తెచ్చింది. ఎక్కడి వాళ్ళని అడిగితే థర్మల్ అన్నాను.

"కరెంటు మీ దిక్కు పుడ్తది, మా దిక్కు వచ్చి సస్తది," అన్నాడాయన తోలు కోస్తూ. వెనక కొట్లో దీపం నిజంగానే వెలగడం లేదు. నేనేదో ఆ కరెంటు ఆపినట్టు క్షమాపణ చెప్పబోయాను.

జొన్నల కుప్పల దగ్గర నడుస్తుంటే హోమ్‌స్టెడ్ అన్న మాట వచ్చింది. అమెరికాలో ఐదేళ్ళు ఆ నేల మీదే ఉండి, ఇల్లు కట్టి, సాగు చేస్తే నేల సొంతమయ్యేది. ఈ వయసులో మేం సజ్జలేం పండిస్తాం, కూలీలు ఎవరొస్తారు, మా ఆయనకు బీపీ పెరిగితే డాక్టరు ఎంత దూరం. తగ్గిన దడ మళ్ళీ మొదలైంది. అయినా మనసులో ఆ పందిరి నీడ పోవడం లేదు. కొత్త చెప్పులు మడమ దగ్గర కొరుకుతున్నా నేను దాని గురించే మాట్లాడుతున్నానని వదిన చెప్పింది.

జవళగేర

మూడో రోజు జవళగేర దగ్గరికొచ్చేసరికి చుట్టూ అంతా పచ్చగా మారింది. కాలవ నీళ్ళు నిండిన మళ్ళు, వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు, గట్ల మీద కొబ్బరిచెట్లు. బోర్డులు కన్నడంలో లేకపోతే గోదావరి జిల్లా అనుకోవచ్చు. సుబ్బాయమ్మ గారి ఇల్లు ఊరి బయట క్యాంపులో ఉంది. ఆవిడ కూర్చోబెట్టి ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర పచ్చడి వడ్డించారు. మొన్న దేవదుర్గలో అదే ఆకును పుండిపల్య అని జొన్నరొట్టెతో పెట్టారు. ఆకు ఒకటే అయినా అక్కడ నూనె కనపడలేదు, ఇక్కడ ఆకు కనపడలేదు.

"మేం వచ్చినప్పుడు ఇక్కడేముందమ్మా," అన్నారావిడ. "అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ అయిదారొస్తాయన్నారు. కాలవ నీళ్ళొస్తాయి, ఖాళీ నేల, ఎవరూ లేరు అన్నారు. సామాను రైలుకి వేసి, స్టేషన్లో దిగి బళ్ళెక్కి వచ్చాం. తుమ్మచెట్లు, తేళ్ళు. డేరాలేసుకుని ఉన్నాం. అందుకే క్యాంపు అన్నారు. ఇప్పుడు మేడలు కట్టుకున్నా పేరు మాత్రం అదే."

పయనీర్ అంటే కొత్త నేలకు అందరికన్నా ముందు వచ్చి నిలదొక్కుకున్న మనిషి. ఆ మాటకు అర్థం నా ఎదురుగానే కూర్చుని నెయ్యి వేస్తోంది. మా సంగతి చెప్పి, కొనమంటారా అని అడిగాను.

"కాగితాలు బాగుంటే కొనేసుకోండమ్మా. భయపడితే ఎలా? మేం భయపడుంటే ఈ పచ్చ ఉండేదా?" అన్నారు. ఆ మాటతో నాకు కొండంత బలం వచ్చింది.

మధ్యాహ్నం నాట్లు వేసే వాళ్ళు మజ్జిగ కోసం పెరట్లోకి వచ్చారు. దేవదుర్గ వైపు నుంచి వచ్చిన గుంపు. నూతి పక్కన బట్టలుతికే చోట ఒక పాత తిరగలి రాయి బోర్లించి ఉంది. ఆ గుంపులో నలభై ఏళ్ళావిడ ఒకతె చేతులు కడుక్కుంటూ దాన్ని చూసి ఆగింది. రాయిని ముట్టి కళ్ళకద్దుకుంది.

"ఇది ఎవరిది యవ్వా?" అని సుబ్బాయమ్మ గారిని అడిగింది.

"ఏమోనే దురుగవ్వా. మేం వచ్చేనాటికే ఇక్కడ ఇలాగే బోర్లించి ఉంది. బట్టలుతుక్కోడానికి బాగుందని ఉంచేశాం."

"పాపం, ఎవరో పోయి మళ్ళ రాలేదు," అంది దురుగవ్వ.

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. ఎందుకలా అన్నావని అడిగాను. క్యాంపుల్లో పని చేసి చేసి ఆవిడకు తెలుగు బాగానే వచ్చు.

"మా దిక్కు గుళే పోయేటప్పుడు ఇసుర్రాయి బోర్లిచ్చి పోతం అక్కా. కింద పిడికెడు జొన్నలు పెడ్తం. వాపస్ వచ్చిన నాడు ఆ జొన్నలే ఇసిరి మొదటి రొట్టె చేస్తం. రాయి బోర్ల ఉన్నన్ని దినాలు ఇంటిల మనుషులు ఉన్నట్టే. ఎవరూ ముట్టరు."

"ఎవరైనా ఆ రాయి లేపితే?"

"లేపుతె ఇంగేముంది, ఆ ఇల్లు వాళ్ళకు వద్దు అన్నట్టు. గుంజలు, వాసాలు ఊరోళ్ళు తీస్కపోతరు. అది తప్పు గాదు మా దిక్కు."

గ్లాసు నూతి గట్టు మీద పెట్టేశాను. ఏ ఊరని అడిగాను. మొన్న మేం చూసొచ్చిన ఊరే చెప్పింది. ఇల్లెక్కడని అడిగాను. "గుట్ట కింద. తలుపుకు నీలం రంగు. మా మగోడు పోయినేడు పూసిండు," అంది నవ్వుతూ.

అంతా చెప్పేశాను. నేల కొనడానికి వెళ్ళానని, రాయి నేనే లేపానని, జొన్నలు మేక తిన్నదని. వదిన అడ్డుపడి, మరదలికి తెలియక చేసిందని కన్నడంలో ఏదో సర్దిచెప్పబోయింది. దురుగవ్వ వినలేదు. ఆవిడ మొహంలో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆవిడ కళ్ళు మాత్రం ఎక్కడో ఇంటి దగ్గర ఉన్నాయి.

"సేటు అమ్ముతడంటనా? మా మామ కాలం నుంచి మేమే దున్నుతున్నం. మాకు చెప్పనేలేదు," అంది.

మా పాఠంలో పెట్టె బయట ఒక మాట ఉంటుంది, పరీక్షకు రాదని నేను దాటేసేది. క్లెయిమ్ జంపర్. ఇది నాదని క్లెయిమ్ చేసి గుర్తు పాతిన మనిషి ఊరెళ్ళినప్పుడు వచ్చి, గుర్తు పీకేసి నేల పట్టుకునేవాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా భయం ఎక్కువ వేసింది. ఈపాటికి ఆ పందిరి ఉందో లేదో.

నువ్వు వస్తావా, నేను బస్సు ఎక్కిస్తానన్నాను. ఆవిడ రానని తల అడ్డంగా ఊపింది.

"నేను వస్తె పని గాదు. లేపిన చెయ్యే బోర్లియ్యాలె. నువ్వే పోవాలె అక్కా."

గట్టు మీది గుడిసెలోకి వెళ్ళి, ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న సంచిలోంచి పిడికెడు జొన్నలు తెచ్చింది. ఆ ఇంటివే కావాలట, సంతలో కొన్నవి పనికిరావట. నా కొంగు అందుకుని చివర ముడి వేసింది. నేల కొనబోయిన మనిషి కొంగున ఇంటి గింజలు ముడి వేస్తున్నానని ఆవిడకు తెలుసు. ముడి బిగించి మళ్ళీ మడిలోకి దిగింది. సుబ్బాయమ్మ గారు ఆ పూట బట్టలు ఇంకో బండ మీద ఉతికించారు.

మళ్ళీ ఆ ఊరికి

తిరుగు ప్రయాణమంతా ఎడమ చేత్తో కొంగు ముడి పట్టుకునే ఉన్నాను. చిల్లర కోసం చెయ్యి తీస్తే ముడి ఊడుతుందేమోనని వదినతోనే టికెట్లు తీయించాను. కండక్టరు ఏం బంగారమమ్మా అని నవ్వాడు. హట్టి బంగారు గని ఉన్న జిల్లా కాబట్టి ఆ మాట ఇక్కడ ఎవరికైనా ముందు వస్తుంది. వదిన ఈసారి నిద్రపోలేదు.

"నేను జూపిచ్చిన జాగనే గద," అంది దారిలో. "నాకన్న తెల్వద్దా? రాయచూర్ల పుట్టిన. పల్లె సంగతి ఏం దెలిసె మాకు." ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. నేనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

గుట్ట మలుపు తిరిగేసరికి ఇల్లు కనపడింది. కప్పు ఉంది. ముళ్ళకంప మాత్రం పక్కకు లాగేసి ఉంది. పందిరికి నాలుగు గుంజలుండాలి, మూడే ఉన్నాయి. పందిరి ఒక పక్కకు ఒరిగింది. రాయి నేను వేసినట్టే వెల్లకిలా పడి ఉంది.

దూరంగా అరుగుల మీద ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు, బీడీ కాలుస్తున్న ఒక ముసలాయన మమ్మల్నే చూస్తున్నారు. నేను నేల తుడిచి, ముడి విప్పి జొన్నలు కుప్పగా పోశాను. నాలుగు గింజలు పక్కకు దొర్లితే ఏరి మళ్ళీ వేశాను. వదిన సాయం పట్టబోతే వద్దన్నాను. రాయి మొన్న ఎత్తినప్పటి కన్నా బరువుగా ఉంది. బోర్లించి లేచి నిలబడితే చూసేవాళ్ళలో ఒకావిడ కన్నడంలో అడిగింది, ఎవరు నువ్వని.

"దురుగవ్వ పంపింది. నాట్లు కాగానే వస్తున్నారు," అని వదిన గట్టిగా చెప్పింది.

మేం ముళ్ళకంప మళ్ళీ తలుపుకు అడ్డం పెడుతుంటే ముసలాయన బీడీ ఆర్పి లోపలికి పోయాడు. కాసేపటికి భుజం మీద గుంజ మోసుకొచ్చాడు. మా వంక చూడకుండా దాన్ని పాత గుంటలో దించి, రాళ్ళు బిగించి, పందిరిని ఎత్తి నిలబెట్టి వెళ్ళిపోయాడు.

దేవదుర్గలో టెలిఫోన్ బూత్ నుంచి మధ్యవర్తికి ఫోను చేశాను.

"ఏం మేడం, ఖాయమేనా?"

"ఆ నేల ఖాళీగా లేదండీ. అక్కడ మనుషులున్నారు."

"ఎవ్వలున్నరు? మీరే జూసిన్రు గద. సరే, మీరు గాకుంటె ఇంకొకలు," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చాక

మా ఆయన అంతా విని, "అయితే ఇంకోచోట చూద్దాంలే," అని డ్యూటీకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ ఇంకొకలు అన్న మాట నిద్ర పట్టనివ్వలేదు. సేటు అమ్మేశాడా, కొన్నవాడు జేసీబీతో వచ్చాడా, రాయి ఎవరైనా మళ్ళీ లేపారా, ఎవరిని అడగను? ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను. ఫ్రాంటియర్ అన్న మాట రాసి, పాత అర్థం రాయలేక, దురుగవ్వ ఇంటి సంగతి చెప్పాను. పరీక్షలో ఆ మాటకు ఎవరేం రాసినా మార్కులు తగ్గించలేదు.

ఉగాది దాటి ఎండలు ముదిరాక ఒకరోజు దేవదుర్గ బస్సు కండక్టరు కాలనీ గేటు దగ్గర ఒక గుడ్డ మూట ఇచ్చి వెళ్ళాడు. థర్మల్ బడిలో సోషల్ చెప్పే అక్కకు ఇమ్మన్నారట, ఎవరిచ్చారో పేరు చెప్పలేదట. విప్పి చూశాను. పెళుసుగా కాల్చిన జొన్నరొట్టె, నువ్వులు అద్దింది. సగమే ఉంది. బస్సులో విరిగింది కాదు, చేత్తో సరిగ్గా విరిచిన సగం.

మేమింకా ఇల్లు వెతుకుతూనే ఉన్నాం. ఆ రోజు మాత్రం నేను వంటింట్లో నిలబడి ఆ సగం రొట్టె తిన్నాను. మిగతా సగం వాళ్ళు తిని ఉంటారు, వాళ్ళింట్లో.